మనవాడే కదా అన్నాక కూలి ఎలా అడగాలి?

కోటబొమ్మాళి కరెంటోడు (శనివారం రాత్రి 10:12)

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి పోవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

నేను ఐటీఐ చేసిన ఎలక్ట్రీషియన్‌ని. కోటబొమ్మాళి, టెక్కలి చుట్టుపక్కల ఇళ్ళ వైరింగ్, బోరు మోటార్ల పని చేస్తాను. మా పెదమావయ్య కొత్త ఇల్లు కట్టాడు, గృహప్రవేశం దగ్గర పడిందని కబురు పెట్టాడు, వెళ్ళాను. ఆరు రోజులు పట్టింది. గోడలు కొట్టి పైపులు దింపడం దగ్గర్నుంచి బోర్డులు బిగించడం, ఇన్వర్టర్‌కి వేరే లైను లాగడం, మోటారుకి స్టార్టరు పెట్టడం వరకు అంతా నేనూ, నాతో వచ్చే కుర్రాడూ. వైర్లు, స్విచ్చులు షాపులో నా పేరు మీద తెచ్చాను. ఆ బిల్లు మావయ్య పైసాతో సహా కట్టేశాడు, అబద్ధం ఆడకూడదు.

ఇవాళ సాయంత్రం టైల్స్ కుర్రాళ్ళు వచ్చారు, రాజస్థాన్ వాళ్ళు. మావయ్య అరుగు మీద కూర్చుని వేలు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. తర్వాత తాపీమేస్త్రి. తర్వాత పెయింటరు. నేను హాల్లో స్టూలెక్కి ఫ్యాను బిగిస్తున్నాను, కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. నా వంతు వచ్చేసరికి "వీడు మనవాడే కదా" అని నవ్వి, "గుంటడికి అన్నం పెట్టు" అని లోపలికి కేకేశాడు. అత్త కోడిని కోసి వండింది. వచ్చేటప్పుడు బండికి ఒక పనసకాయ, ఒక తువ్వాలు కట్టారు. నా కుర్రాడికి రోజుకి 500 చొప్పున 3,000 నా జేబులోంచి ఇచ్చాను, వాడు ఎవరికీ మనవాడు కాదు కదా.

ఇంటికొచ్చాక మా ఆవిడ పనసకాయని చూసింది, నన్ను చూసింది. ఏటీ అనలేదు. అనుంటే బాగుండేది.

అడగడం తప్పా? అడిగితే చుట్టరికం పోతుంది, అడక్కపోతే ఇంట్లో ముఖం చెల్లట్లేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

టెక్కలి టైలరమ్మ (రాత్రి 10:31)

అవ్వకపోవడమేంటి తమ్ముడూ, నాకు నెలకి నాలుగుసార్లు. జాకెట్టు పట్టుకెళ్ళేటప్పుడు "వదినా ఎంత" అని అడుగుతారు, అడిగేటప్పుడు రెండు చేతులూ జాకెట్టు మీదే ఉంటాయి. పర్సు తీసి పట్టుకుని ఎంత అని అడిగేవాళ్ళకి నేనే పాతిక తగ్గిస్తాను, పర్సు తీయకుండా అడిగేవాళ్ళకి "పోన్లెద్దూ" అనాలని వాళ్ళే ఎదురుచూస్తారు. అడిగెయ్. ఫోన్లో కాదు, మనిషి ఎదురుగా.

రాజాం రాంబాబు (రాత్రి 10:40)

జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాసిందని సామెత ఉండనే ఉంది. ఊరికే చేసేవాడిని లోకం నమ్మదు బావూ, వీడికి లోపల ఇంకేదో లాభం ఉందనుకుంటుంది. రేపు ఆ ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే మొదట నిన్నే అంటారు చూడు, డబ్బులివ్వలేదని సరిగ్గా చెయ్యలేదంటారు.

పనసకాయ పండాక ఎలా ఉందో చెప్పు.

పాతపట్నం పెద్దాయన (ఆదివారం ఉదయం 6:05)

ప్రతిదానికీ రేటు కట్టుకుంటూ పోతే ఇంక చుట్టాలెందుకు, పక్కాలెందుకు. మా రోజుల్లో ఉభాలకి, అంటే వరి నాట్లకి, ఇవాళ నా మడిలో నువ్వు, రేపు నీ మడిలో నేను. ఇల్లు నేస్తే ఊరంతా వచ్చి వాసాలు ఎత్తేవాళ్ళు, గంజి తాగి పోయేవాళ్ళు. బట్టలు ఉతికేవాళ్ళకి, క్షవరం చేసేవాళ్ళకి, కమ్మరికి, వడ్రంగికి ఎవరికీ చేతిలో డబ్బు పెట్టింది లేదు, ఏడాదికోసారి కల్లంలో గింజలు కొలిచేవాళ్ళం. ప్రేమలు ఉండేవి. ఇప్పుడు నోటు ఇస్తారు, ముఖం చూడరు.

కరెంటు బాబూ, మావయ్య నీకేం ఇవ్వలేదో రాశావు. నీకేం చేశాడో కూడా రాయి. ఏమీ చెయ్యని మావయ్య దగ్గరికి ఎవడూ ఆరు రోజులు వెళ్ళడు.

కోటబొమ్మాళి కరెంటోడు (ఆదివారం ఉదయం 8:20)

పెద్దాయనా, సరిగ్గా పట్టుకున్నారు. దాచడమెందుకు, మా సొంతూరు ఉద్దానంలో సోంపేట వైపు. నాన్నకి కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిప్పుతున్న రోజుల్లో నా ఐటీఐ ఫీజు, హాస్టలు ఖర్చు కలిపి 9,000 పెదమావయ్యే ఇచ్చాడు. నాన్న పోయినప్పుడు కూడా ముందు నిలబడింది ఆయనే. అందుకే నోరు పెగల్లేదు.

కానీ ఆ తర్వాత వాళ్ళ పాతింటికి రెండుసార్లు మోటారు రీవైండింగ్ చేసిచ్చాను. వాళ్ళమ్మాయి పెళ్ళికి మూడు రోజులు లైటింగు కట్టాను. ఇప్పుడు మొత్తం ఇల్లు. ఇందులో ఏదీ ఆ తొమ్మిది వేలలోంచి తగ్గినట్టు ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. బ్యాంకులో తీసుకునుంటే ఎప్పుడో క్లోజ్ అయిపోయి కాగితం చేతికిచ్చేవాళ్ళు. ఇదెప్పటికి తీరుతుందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. రాత్రి పడుకుని ఇదే ఆలోచించాను.

గంటస్తంభం సెలూన్ (ఆదివారం మధ్యాహ్నం 2:45)

ఆదివారం రద్దీ, ఇప్పుడే చెయ్యి ఖాళీ అయింది. పాతపట్నం పెద్దాయనగారికి ఒక మాట, కోపంతో కాదు.

ఆ కల్లంలో గింజలు తీసుకున్నవాళ్ళలో మా తాత ఒకడు. మాది గజపతినగరం దగ్గర పల్లె. ఏడాది పొడుగునా నలభై యాభై ఇళ్ళకి క్షవరాలు, పెళ్ళికి సన్నాయి, చావు ఇంట్లో చెయ్యాల్సినవి, పురిటికి మా నాన్నమ్మ. నూర్పులప్పుడు తాత గోనె సంచి పట్టుకుని కల్లం చివర నిలబడేవాడు. ముందుకి వచ్చి నిలబడకూడదు. ధాన్యం కొలిచి, కౌలు తీసి, విత్తనాలు తీసి, అప్పు ఇచ్చిన షావుకారు వాటా తీసి, బళ్ళకెత్తాక అడుగున మిగిలిన దాంట్లోంచి కుంచంతో పోసేవారు. కొంతమంది కుంచం నిండా పోసేవారు, మంచివాళ్ళు కూడా ఉండేవారు, లేరనను. పంట సరిగా లేదంటే ఆ ఏడు అంతే. గెడ్డం మాత్రం పంట సరిగా లేదని పెరగడం మానదు కదండి. "ఎంత" అనే మాట ఆ మొత్తం వ్యవహారంలో ఎప్పుడూ ఎవరూ అనలేదు. అనకపోవడమే ఆ పద్ధతి. మీరు ప్రేమ అన్నది మా తాతకి ఎదురు చూడటం.

మా నాన్న 1984లో విజయనగరం వచ్చేసి గంటస్తంభం దగ్గర సందులో చిన్న బడ్డీ పెట్టాడు. మొదట చేయించింది కుర్చీ కాదు, అద్దం కాదు, రేట్ల బోర్డు. నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు. క్షవరం 2 రూ., గెడ్డం 1 రూ. ఒకరోజు మా ఊరి పెద్దరైతు పట్నం పనిమీద వచ్చి, వీడు మనోడే కదా అని వచ్చి కూర్చున్నాడట. గెడ్డం చేయించుకుని తువ్వాలు దులుపుకుని అలవాటుగా లేచి వెళ్ళబోతూ బోర్డు చూసి ఆగాడట. ఒక్క క్షణం. తర్వాత జేబులోంచి రూపాయి తీసి బల్ల మీద పెట్టాడు. అంతే, గొడవేం లేదు. నాన్న ఆ రాత్రి ఆ సంగతి అమ్మకి మూడుసార్లు చెప్పాడట, మూడోసారి చెబుతుంటే అమ్మ నిద్రపోయిందట.

ఇప్పుడు నా షాపులో ఫ్లెక్సీ బోర్డు ఉంది, ఏసీ ఉంది. ఆ రేకు బోర్డు లోపల గదిలో ఉంది, తుప్పు పట్టింది. పారెయ్యలేదు.

తమ్ముడూ, నీకు లేనిది బోర్డు.

పాతపట్నం పెద్దాయన (ఆదివారం సాయంత్రం 5:30)

చదివాను. రెండుసార్లు చదివాను. మా కల్లంలో చివర నిలబడ్డవాళ్ళు నాకు గుర్తున్నారు, వాళ్ళు ఎందుకు చివర నిలబడేవారో ఎప్పుడూ ఆలోచించలేదు. అది ఒప్పుకుంటాను.

కానీ బదులు పని సంగతి వేరు, దాన్ని మాత్రం వదులుకోను. అక్కడ డబ్బు లేదు, అయినా ఎవడూ ఎవడికీ తక్కువ కాదు. అయితే ఒకటి గుర్తొస్తోంది, రాయకపోతే నాకే నవ్వొస్తుంది. మా అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. ఫలానా ఇంటికి మనం మూడు రోజులు వెళ్ళాం, వాళ్ళు రెండు రోజులే వచ్చారు, ఒకటి బాకీ. ఆ గీత చెరిపేదాకా ఊరుకునేది కాదు. అంటే లెక్క మాకూ ఉండేది. నోటు లేదంతే.

మెళియాపుట్టి మేట్ (ఆదివారం రాత్రి 8:15)

లెక్క మాటొచ్చింది కాబట్టి నేనూ రాస్తాను. నేను ఉపాధి హామీ పనుల్లో మేట్‌ని, కూలీల హాజరు, కొలతలు చూసేవాణ్ణి. ఈ పనికి 2005లో చట్టం వచ్చింది, మగాళ్ళకీ ఆడాళ్ళకీ ఒకే రేటు. మా దగ్గర పొలం పనికి వెళ్తే ఇప్పటికీ మగకూలి వేరు, ఆడకూలి వేరు, ఉభాల్లో నడుం వంచేది ఎవరో అందరికీ తెలుసు. అందుకని మొదట్లో ఆడవాళ్ళు పాసుబుక్కు ఎంట్రీ వేయించుకుని పక్కనున్న మగాడి పుస్తకంలో అంకె కూడా చూపించమనేవాళ్ళు. సమానంగా ఉందో లేదో చూసుకోవడానికి.

ఆంధ్రాలో 2024-25కి రోజుకి 300 అన్నారు. 300 అంటే 300 పడిపోతాయని కాదు, తవ్విన మట్టి కొలతను బట్టి వస్తుంది. గట్టి నేల ఉన్న చోట ఎంత తవ్వినా కొలత రాదు, ఆ తిట్లు నాకు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మస్టరు (హాజరు పట్టీ) మూసిన 15 రోజుల్లో కూలి పడాలి. పడకపోతే పదహారో రోజు నుంచి నష్టపరిహారం ఇవ్వాలని ఉంది, ఎంతో తెలుసా? రావలసిన కూలిలో రోజుకి 0.05 శాతం. 300కి లెక్కేస్తే 15 పైసలు. వంద రోజులు ఆలస్యం చేస్తే 15 రూపాయలు. ఇది చెప్తే మా ఊరి ముసలామె ఒకావిడ "షావుకారు దగ్గర నేను తెచ్చే వడ్డీ కూడా ఈ లెక్కన కట్టించు నాయనా" అంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన మనిషి ఆవిడ.

కూలి ఎంత అన్నది ఒకటైతే ఎప్పుడు అన్నది దానికి సగం. కరెంటు తమ్ముడి కథలో ఆ రాజస్థాన్ కుర్రాళ్ళకి శనివారం సాయంత్రం అయ్యేసరికి పడింది చూడండి, దూరం వాళ్ళు కాబట్టి.

బెంగళూరులో బొబ్బిలోడు (ఆదివారం రాత్రి 9:02)

అందరికీ డబ్బే అంత ముఖ్యమా? నాకు నెలాఖరుకి జీతం మెసేజ్ వస్తుంది, ఇంటి లోను మెసేజ్ వెంటనే వస్తుంది, ఏ ఫీలింగూ ఉండదు. మనసుకి నచ్చిన పని దొరికితే ఊరికైనా చెయ్యాలనిపిస్తుంది. మన విజయనగరంలోనే చూడండి. ఘంటసాలగారు సంగీతం నేర్చుకోవడానికి వచ్చి ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా తీసుకోకుండా నేర్పారు. ఆయన ఫీజు అడిగుంటే మనకి ఘంటసాల ఉండేవాడా?

టెక్కలి టైలరమ్మ (ఆదివారం రాత్రి 9:10)

శాస్త్రిగారు మహానుభావుడు, దండం పెట్టాలి. కానీ బాబూ, ఆయన సంగీత కళాశాలలో అధ్యాపకుడు. 1919లో మహారాజావారు పెట్టిన కళాశాల, అక్కడ నెల జీతం ఉంది. పగలు జీతానికి నేర్పి సాయంత్రం ఇంట్లో ఇష్టపడిన పిల్లాడికి ఊరికే నేర్పారు. కడుపు నిండినవాడు ఊరికే ఇస్తే దానం. మా తమ్ముడు ఆరు రోజులు ఊరికే ఇచ్చి కుర్రాడి కూలి చేతినుంచి పెట్టుకున్నాడు, దీన్నేమంటారో మీరే చెప్పండి.

మీకు మెసేజ్ వచ్చినప్పుడు ఏమీ అనిపించదు సరే. రెండు నెలలు రాకుండా ఉంటే అప్పుడు రాయండి ఏమనిపించిందో.

బెంగళూరులో బొబ్బిలోడు (ఆదివారం రాత్రి 9:14)

2020లో రాలేదండీ ఒక నెల. మీరు గెలిచారు 🙏

పొందూరు పిల్ల (ఆదివారం రాత్రి 11:30)

చాలా ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. మా మామ్మ గురించి రాయాలనుంది, పొడుగైపోతే తిట్టకండి.

మామ్మ ఖాదీకి నూలు వడికేది. పొందూరు సన్న ఖాదీ ఎలా వస్తుందో ఇక్కడ సగం మందికి తెలిసే ఉంటుంది. పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు, సన్నటి పళ్ళుంటాయి దానికి, ఆ దవడ మా ఇంట్లో దేవుడి గూట్లో పసుపు డబ్బా పక్కన ఉండేది. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో చుట్టి పెట్టుకోవడం. అప్పుడు రాట్నం. ఇంత చేస్తే వంద కౌంటు నూలు, అంటే బాగా సన్నటి నూలు వస్తుంది. ఆ నూలుని చిలపలు (చుట్టలు) కట్టి ఇస్తే చిలపకి ఇంత అని డబ్బులు. నూలు కాస్త లావు వచ్చిందంటే రేటు పడిపోతుంది. తీసుకునే ఆయన కళ్ళతో చూసేవాడు కాదట, చూపుడువేలికి బొటనవేలికి మధ్య నూలు లాగి చెప్పేసేవాడట.

గాంధీగారికి ఈ కూలి సంగతి బాధగానే ఉండేది. 1935లో, వడికేవాళ్ళకి ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలైనా ఇవ్వాలని పట్టుబట్టారు. అంత ఇస్తే ఖద్దరు ఎవరు కొంటారని సొంతవాళ్ళే అడ్డం పడ్డారు, చివరికి అంత రాలేదు. ఇప్పుడు కూడా అదే మాట అంటారు, అంత రేటైతే పంచె ఎవరు కొంటారని.

మామ్మని ఒకసారి అడిగాను, ఆ డబ్బులు ఎప్పుడైనా సరిపోయాయా అని. "సరిపోవడమేటే, నా చేతికి వచ్చేవి కదా" అంది. ఆ డబ్బులతో మా నాన్నకి ఆరో క్లాసులో చెప్పులు కొన్నానని ఇప్పటికీ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. తాతయ్య ఆవిడకి పట్టుచీర కొన్నాడట, దాని గురించి ఒక్కసారీ చెప్పగా వినలేదు.

ఇంకోటి గమనించాను. "మామ్మా నువ్వేం పని చేసేదానివి" అంటే వడికేదాన్ని అంటుంది. తెల్లారగట్ల లేచి పేడ తీసి, నీళ్ళు మోసి, తొమ్మిదిమందికి వండి, రాత్రి అంట్లు తోమిందంతా పని లెక్కలోకి రాదు ఆవిడకే. డబ్బులొచ్చింది పని, మిగతాది ఏదో రోజు గడవడం. కేంద్ర ప్రభుత్వం 2019లో సమయం ఎలా గడుపుతారని సర్వే చేస్తే, ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు అని వచ్చింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ కేసులో ఇదే లెక్క ఎత్తి చూపించి గృహిణి పనికి కూడా విలువ కట్టాలంది. చదివి సంతోషించాను, తర్వాత గుర్తొచ్చింది, అది నష్టపరిహారం కేసు. మనిషి పోయాక గానీ ఆవిడ రోజుకి ఎంత సంపాదించేదో ఎవరూ లెక్క వెయ్యలేదు.

చీపురుపల్లి చిన్నమ్మి (సోమవారం ఉదయం 7:50)

పొందూరు అక్కా, బస్సులో చదువుతూ స్టాప్ దాటిపోయాను.

మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. వాళ్ళకి వచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 11,500. ఇంట్లో నా ఇంజినీరింగ్ ఫీజుకి లోను కోసం బ్యాంకుకి వెళ్తే, ఫారంలో అమ్మ "ఉద్యోగం" అని రాసింది, అక్కడున్నాయన కొట్టేసి "గౌరవ వేతనం అయితే శాలరీ సర్టిఫికెట్ కుదరదమ్మా" అన్నాడు. బయటికొచ్చాక అమ్మ అంది, "జీతం ఇవ్వడం ఇష్టం లేనప్పుడు ముందు గౌరవం తగిలిస్తారే" అని. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు రాష్ట్రమంతా సమ్మె చేశారు కదా, అమ్మ కూడా రోజూ టెంటుకి వెళ్ళింది. గ్రాట్యుటీ కూడా ఒక డిమాండే. అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే గుజరాత్ కేసులో చెప్పింది. అయినా టెంటు వెయ్యాల్సి వచ్చింది.

గౌరవం అంటే ఏంటో నాకు ఆ టెంటులోనే కనిపించింది, అమ్మ మైకు పట్టుకుని "మాది సేవ కాదు, పని" అనడం.

రాజాం వకీలు (సోమవారం ఉదయం 11:20)

కోర్టు వరండాలో వాయిదా కోసం కూర్చున్నాను, తీరిగ్గా రాస్తాను. రాజ్యాంగంలో 23వ అధికరణం ఉంది, వెట్టిని నిషేధించేది. వెట్టి అంటే కొరడా పట్టుకుని చేయించడమే అనుకుంటాం. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు అంతకన్నా దూరం వెళ్ళింది. కనీస వేతనం కన్నా తక్కువకి ఎవడైనా పని చేస్తున్నాడంటే వాడిని ఏదో ఒకటి బలవంతం చేస్తున్నట్టే, అది ఆకలి అయినా సరే, కాబట్టి అదీ బలవంతపు పనే అంది. మన జిల్లాల్లో కంబారితనం, అంటే రైతు దగ్గర పాలేరుతనం చేసినవాళ్ళ పిల్లలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తండ్రి తీసుకున్న ధాన్యానికి కొడుకు పశువులు కాసేవాడు, ఆ ధాన్యం ఎన్ని బస్తాలో కొడుక్కి తెలీదు.

మావయ్య మీద 23 పెట్టమని కాదులెండి. మొహమాటం బలవంతం కిందకి వస్తుందో రాదో ఇంకా ఏ కోర్టూ తేల్చలేదు, వస్తే మా ప్రాక్టీసు బాగుంటుంది. కానీ తొమ్మిది వేలకి లెక్క కట్టమని మాత్రం గట్టిగా చెబుతాను. కాగితం మీద రాసుకో. ఏ తేదీన ఏ పని, ఎన్ని రోజులు, బయట రేటు ఎంత. ఆయనకి చూపించడానికి కాదు, ముందు నువ్వు చూసుకోవడానికి.

వేరావల్ రిటర్న్ (సోమవారం రాత్రి 10:05)

మీరంతా పని అయ్యాక డబ్బులు రాలేదంటున్నారు. మాది ఉల్టా. పని మొదలవక ముందే డబ్బులొస్తాయి.

నాది ఎచ్చెర్ల తీరం. ఇక్కడ హార్బరు లేదు, చేప లేదు, గుజరాత్ వేరావల్ వెళ్ళి బోట్ల మీద చేస్తాం, సీజనంటే ఎనిమిది తొమ్మిది నెలలు. వెళ్ళేముందే అడ్వాన్సు. చేతిలో పడగానే అది ఇంటి అప్పులకి, చెల్లి పెళ్ళి బాకీకి పోతుంది. అక్కడికెళ్ళి వల లాగే ప్రతిరోజూ తినేసిన డబ్బుకి పని చేస్తున్నట్టుంటుంది. నెల తిరిగినా సంతోషం ఉండదు. బోటు నడిపే తండేలుకి ఎక్కువ, మామూలు పనివాడు కలాసీకి తక్కువ, మధ్యలో వచ్చేస్తానంటే అడ్వాన్సు తిరిగి కట్టాలి. కట్టలేం కాబట్టి రాం. 2018 నవంబర్‌లో మనవాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకెళ్ళి కరాచీ జైల్లో పెట్టారు, ఇరవైమందిని 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. అందులో నా ఈడువాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళకెళ్ళినప్పుడు ఆడవాళ్ళు మనిషి ఎప్పుడొస్తాడని అడిగారు, రెండో మాట అడ్వాన్సు ఎలా తీరుతుందని. నేను కళ్ళారా చూశాను, అదే వరసలో అడిగారు.

ఇప్పుడు ఊర్లోనే ఐసు బండి తోలుతున్నాను. ఏ రోజుది ఆ రోజు. తక్కువే. కానీ సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా జేబు మంచం మీద దులిపితే అది నాది. రాత్రి ఎవరికీ బాకీ లేకుండా పడుకుంటాను. తమ్ముడూ, మీ మావయ్య ఇచ్చిన తొమ్మిది వేలు నీ అడ్వాన్సు. ముందు దాన్ని తీర్చేసి లేచి నిలబడు, తర్వాత కావాలంటే ఆయనకి ఊరికే చెయ్యి, అప్పుడది నీ ఇష్టం.

రాజాం రాంబాబు (సోమవారం రాత్రి 10:20)

ఇక్కడ జోకు వేద్దామని వచ్చాను. వద్దులే.

కోటబొమ్మాళి కరెంటోడు (గురువారం రాత్రి 9:40)

అందరికీ చాలా చాలా థాంక్స్. మూడు రోజులు ఏమీ రాయలేదు, ఏం జరిగిందో చెబుతాను.

వకీలుగారు చెప్పినట్టు నోట్‌బుక్కులో రాశాను. రీవైండింగులు, పెళ్ళి లైటింగు, ఈ ఆరు రోజులు, బయట రేటులో సగానికి వేసినా తొమ్మిది వేలు ఎప్పుడో దాటిపోయింది. మా ఆవిడకి చూపించాను. "ఇన్నాళ్ళూ తీరలేదనుకుని తిరిగావా" అంది, అంతకు మించి ఏం అనలేదు, అన్నం మాత్రం కాస్త వేడిగా పెట్టింది.

నిన్న వెళ్ళాను. మావయ్య అరుగు మీదే ఉన్నాడు. నోట్‌బుక్కు జేబులోనే ఉంది, తీయలేదు, తీసుంటే చంపేసేవాడు. "మావయ్యా, కుర్రాడి కూలి, నా కూలి కలిపి ఇవ్వాలి" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. ఆయన కాసేపు వీధిలోకి చూసి "ఎంతరా?" అన్నాడు. సెలూన్ అన్నా, అప్పుడు అర్థమైంది బోర్డు ఎందుకో. పదకొండు వేలు అనాలి. నోట్లోంచి 6,000 అని వచ్చింది. మూడు నా కుర్రాడివే, అంటే ఆరు రోజులకి నాకు మిగిలింది మూడు.

లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చాడు. వేలు తడి చేసుకుని లెక్కపెట్టే ఇచ్చాడు, టైల్స్ వాళ్ళకి ఇచ్చినట్టే. అది చూస్తే ఒకపక్క బాగుంది, ఒకపక్క కడుపులో ఏదోలా అయింది. లేచి వస్తుంటే "అయితే ఇంక ఫ్యాను ఆగితే బజార్లో ఎవరినైనా పిలుచుకుంటాలే" అన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి ఉంది, ఈసారి బండికి ఏమీ కట్టలేదు. దారంతా ఆ మాటే.

డబ్బులైతే వచ్చాయి. బాగుందో లేదో అడక్కండి.

టెక్కలి టైలరమ్మ (గురువారం రాత్రి 9:52)

పదకొండు వేలకి ఆరు వేలా!! నిన్ను పట్టుకుని కొట్టాలి తమ్ముడూ. సరే, అడిగావు, అది చాలు ఈసారికి.

పాతపట్నం పెద్దాయన (శుక్రవారం ఉదయం 6:00)

కోపం వారం ఉంటుంది. గృహప్రవేశానికి పిలుస్తాడు, వెళ్ళు. వెళ్ళేటప్పుడు ఏదైనా మంచి సామాను చదివించు, ఫ్యాను మాత్రం చదివించకు, నీతోనే బిగించమంటాడు.

కోటబొమ్మాళి కరెంటోడు (ఆదివారం రాత్రి 7:35)

పెద్దాయనా, వారం కూడా పట్టలేదు. ఇందాక మావయ్య ఫోన్ చేశాడు. మోటారు ట్రిప్ అవుతోందట. "నీ రేటు ఎంతో ముందే చెప్పి రా" అన్నాడు. ఎగతాళో నిజమో గొంతుని బట్టి తెలియలేదు. బండి తీస్తున్నాను.

గంటస్తంభం సెలూన్ (ఆదివారం రాత్రి 7:37)

చెప్పావా మరి?

కోటబొమ్మాళి కరెంటోడు (ఆదివారం రాత్రి 7:41)

చెప్పాను అన్నా. 300 అన్నాను, ఈసారి తడబడలేదు.

"పెట్రోలుతో కలిపేనా?" అన్నాడు.